వైకింగుకు పట్టాభిషేకమా!

రచయితకు జరిగే అవమానాలు ఎన్నో రకాలు. రాసింది అచ్చు కాకపోవడం ఒకటి. అచ్చయ్యాక బంధువులు ఉచితంగా తీసుకుని టీవీ కింద ఎత్తుకు పెట్టుకోవడం మరొకటి. కానీ రాసిన నవలను వాన కురిపించే యంత్రంగా వాడుకుని, ఆ తర్వాత అదే వాన ఆపమని బకెట్లు పట్టుకుని రచయిత గుమ్మం ముందు నిలబడటం మాత్రం ప్రపంచ సాహిత్య చరిత్రలో నా ఒక్కడికే జరిగిందని ఏ దేవుడి మీదైనా ఒట్టు వేసి చెప్పగలను. తెల్లాపూర్‌లో, మా అపార్ట్‌మెంట్లలో జరిగింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

పగలు నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఎవరూ చదవని వాడకపు పుస్తకాలు రాస్తాను. ‘ఈ బటన్ నొక్కితే ఆ కిటికీ తెరుచుకుంటుంది’ లాంటి వాక్యాలు ఏళ్ళ తరబడి రాసిన మనిషికి, ఎవరో ఒకరు గొడ్డలితో తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వస్తే బాగుండునని అనిపించడం సహజం. అలా పుట్టింది నా వైకింగు నవల. వెయ్యేళ్ళకు పైగా వెనకటి కాలం, మంచు కరిగే ఉత్తర సముద్రాలు, పొడవాటి ఓడలు, వాటి ముక్కుకు చెక్కిన డ్రాగన్ తలలు. ఆఫీసు క్యాబులో, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని రాశాను. నా వైకింగులు నార్వే తీరంలో తెరచాప ఎత్తి ఇంగ్లండులో దించేసరికి, మా క్యాబు ఇంకా కొత్తగూడ జంక్షన్‌లోనే ఉండేది. వాళ్ళ సముద్రంలో కనీసం అల వెనక అల కదులుతుంది. మా డ్రైవరు అద్దంలోంచి చూసి, “సార్, మీ ఓడ ఏడదాక వొచ్చింది?” అని రోజూ అడిగేవాడు. నా నవల యోగక్షేమాలు తనంతట తాను అడిగిన మనిషి ఆ మహానగరం మొత్తానికి అతనొక్కడే.

ఆ నవల కోసం నేను పడ్డ శ్రమ పగవాడికి వద్దు. వైకింగుల శిరస్త్రాణాలకు కొమ్ములు ఉండేవి కావు. ఈ ఒక్క సత్యం కోసం ఇద్దరు తోడల్లుళ్ళతో మాటలు మానుకున్నాను. ఓడ సొంత ఒడ్డును సమీపించగానే డ్రాగన్ తలను ఊడదీసి అడుగున పడుకోబెట్టేవారట, ఆ నేలను కాచే దేవతలు జడుసుకోకుండా. ఈ ముక్క తెలిసిన రోజు ఆనందంతో ఆఫీసులో కుర్చీలోంచి లేచాను. జీతం పెరిగిందేమోనని పక్కవాళ్ళు చేతులు కలిపి వెళ్ళారు. మొదటి అధ్యాయంలోనే దాన్ని వాడుకున్నాను. నా కథానాయకుడు ఓడ ఎక్కుతుంటే వాళ్ళమ్మ ఏడవదు, వెళ్ళవద్దని అనదు. బార్లీ అంబలి కుండ చేతికిచ్చి, “ఒడ్డు కనబడగానే తల దించేయి. మన నేల జడుసుకుంటుంది” అంటుంది, అంతే.

ఇక చివరి అధ్యాయం. అందులో అతను చనిపోతాడు. పగిలిన ఓడలో, సొంత ఒడ్డు కనబడుతుండగా, మిగతావాళ్ళను చిన్న పడవలోకి దింపి, చుక్కాని తానొక్కడే పట్టుకుని నిలబడతాడు. నేను పుట్టిన దగ్గర్నుంచి రాసిన మొత్తం వాక్యాలలో నాకు సిగ్గనిపించనివి ఆ అధ్యాయంలోనే ఉన్నాయి. దాన్ని ఎవరైనా వినాలి. నలుగురు చాలు. ఈ గొడవంతటిలో నేను కోరుకున్నది అదొక్కటే. ఇంత చిన్న కోరిక తీరడానికి సగం తెల్లాపూర్ మునగవలసి వచ్చింది.

ప్రచురణకర్తల సంగతి ఎత్తకండి. ఒకాయన, “ఇందులో మనవాళ్ళెవరూ లేరేమిటండీ?” అన్నాడు. “వాళ్ళకు వాళ్ళవాళ్ళు ఉన్నారు కదండీ” అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు మా ఆవిడ చెప్పింది. “క్లబ్‌హౌస్‌లో ఆదివారం ఆదివారం చదవండి. ఎండాకాలం కదా, ఏసీ కోసమైనా వచ్చి కూర్చుంటారు. నేను మిరపకాయ బజ్జీలు వేయిస్తాను.”

“సాహిత్యం కోసం ఎవరూ రారా?”

“వస్తారండీ. బజ్జీలతో పాటు.”

వచ్చారు. మొదటి వరుసలో ఎప్పుడూ ఇద్దరు. ఒకరు మా సంఘం అధ్యక్షులు. కోస్తా నుంచి వచ్చినాయన, ఆనకట్టలు కట్టి రిటైరైన ఇంజనీరు, ‘అండి’ లేకుండా కుళాయిని కూడా పలకరించడు. రెండోది, ఆరో అంతస్తు అక్క. మా టవర్లు లేచిన నేలలో సగం ఒకప్పుడు వాళ్ళ కుటుంబానిదే. ఆమె జొన్నచేను ఉన్నచోట ఇప్పుడు ఈతకొలను ఉంది. అందులో ఈదేవాళ్ళను ఆమె ఇప్పటికీ చేలో పడ్డ గొడ్లను చూసినట్టే చూస్తుంది. నా కథానాయకుడి పేరు నాలుక తిరగక, అతని ఎర్ర గడ్డాన్ని బట్టి రెండో వారానికే అతనికి ‘ఎర్రగడ్డపోడు’ అని ఆమే పేరు పెట్టేసింది. నేను ఆర్నెల్లు వెతికి పట్టుకున్న పురాతన నామధేయం అక్కడితో సరి.

“ఏంది తమ్మీ, గీ ఎర్రగడ్డపోడు అంబలి తాగుతడా? మా లెక్కనే ఉన్నడు గదా!” అంది. నా నవలకు వచ్చిన తొలి విమర్శ అదే. లోపల్లోపల పొంగిపోయాను.

తొమ్మిదో అధ్యాయం తుపాను. అది చదివిన ఆదివారం మే నెల మధ్యలో ఉంది. బోర్లు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళ ట్యాంకరు గేటు దగ్గర హారన్ కొడితే, పెళ్ళివారు దిగినట్టు టవర్లన్నీ బాల్కనీల్లోకి వచ్చేవి. నేను గొంతు పెంచి చదివాను. అలలు తాటిచెట్లంత లేచాయి, తెరచాప చిరిగింది, ఎర్రగడ్డపోడు మనుషులు చెక్క డొప్పలతో ఓడలోని నీళ్ళు తోడి పోస్తున్నారు. ఉరుము గురించిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి బయట నిజంగానే ఉరిమింది. అధ్యాయం ముగిసేలోపు పెద్ద వాన. మే నెలలో హైదరాబాదులో సాయంత్రం పూట ఇలాంటి వాన పడటం ఎవరికీ కొత్త కాదు. కానీ అక్క కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ కిటికీ వైపు చూసింది. నా దురదృష్టం ఆ మూడు చూపుల్లోనే పుట్టింది.

వానలు పడకపోతే భారతంలోంచి ఒక పర్వం చదివించడం మనవాళ్ళ ఆనవాయితీ. అది ఏ పర్వమో తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పంతులుగారిని పిలుస్తారు, దీపం పెడతారు, చదివిస్తారు, ఆకాశం వైపు చూస్తారు. ఆ గౌరవం ఆ పర్వానికి తరతరాలుగా ఉంది, ఉండనివ్వండి. కానీ ఆ వరసలోకి నా తొమ్మిదో అధ్యాయాన్ని లాగుతారని, గొడ్డలి పట్టిన ఉత్తరదేశపు ఓడదొంగను వరుణదేవుడి దగ్గరికి రాయబారం పంపుతారని ఏ రచయిత ఊహించగలడు?

మరుసటి బుధవారం అధ్యక్షులు మా ఇంటికి వచ్చారు.

“రచయిత గారూ, చిన్న మనవండీ. ఈ ఆదివారం మళ్ళీ తొమ్మిదే చదవాలండీ.”

“పదో అధ్యాయం కదండీ చదవాల్సింది?”

“పది ఎక్కడికీ పోదండీ. బోర్లు పోతున్నాయి.”

“మీరు ఇంజనీరు కదండీ. ఆనకట్టలు కట్టారు. మీరు కూడా...”

“కట్టానండీ. వాటిలోకి నీళ్ళు రప్పించడం నా చేతిలో ఉండేది కాదండీ.”

 మా ఆవిడ వంటింట్లోంచి, “ఇన్నాళ్ళూ మీ రాతల వల్ల ఉపయోగం ఏమిటని నేనే అడిగేదాన్ని” అంది. అది మెచ్చుకోలో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆదివారం వెళ్ళేసరికి క్లబ్‌హౌస్ గుడి అయిపోయింది. నా కుర్చీ తీసేసి, తూర్పుముఖంగా చాప వేశారు. దీపం. కొబ్బరికాయ. నా ల్యాప్‌టాప్‌ను పీట మీద పెట్టి బొట్టు పెట్టారు, మందారం గుచ్చారు. టచ్‌ప్యాడ్ మీద పసుపు పడింది. ఆ తర్వాత తెర మీద బాణం దానంతటదే పూనకం వచ్చినట్టు ఊగుతూ, ఎర్రగడ్డపోడి ఓడను మూడుసార్లు ఆరో అధ్యాయంలోకి తీసుకుపోయింది.

“ఆ ఎండుచేపలు తినే చోటు మాత్రం వదిలేయండీ. మడి పోతుంది” అన్నారు అధ్యక్షులు.

అక్క ఒప్పుకోలేదు. “చేపలు తినకుంటే తెడ్లు ఎట్ల ఏస్తరు? నువ్వేస్తవా? చదువు తమ్మీ. చేపలతోటే చదువు.”

ఆ సమస్త తెల్లాపూర్‌లో నా వాక్యం తరఫున పోరాడింది ఆమె ఒక్కతే. అందుకు ఆమెకు దణ్ణం. తర్వాత ఆమే నన్ను ఏం చేసిందో చెబుతాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం తొమ్మిదో అధ్యాయమే. పడితే అధ్యాయం మహిమ. పడకపోతే నా తప్పు. “మొన్న జర తొందర తొందర చదివినవ్ తమ్మీ, అందుకే చినుకులతోటి పోయింది” అని లిఫ్టులో అక్క. “ఉరుము దగ్గర గొంతు సరిపోలేదండీ” అని పార్కింగులో అధ్యక్షులు. పక్క అపార్ట్‌మెంట్లవాళ్ళు నన్ను ఒక పూటకు పంపమని అడిగారు. మావాళ్ళు ససేమిరా అన్నారు, మా మబ్బులు అటు తరలిపోతాయట! పాపం ఎర్రగడ్డపోడు అదే తుపానులో, అదే చిరిగిన తెరచాపతో, వారం వారం నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. ముందుకు కథ ఉంది, యుద్ధం ఉంది, ద్రోహం ఉంది, అన్నిటికీ మించి నా చివరి అధ్యాయం ఉంది. “అది ఎప్పుడు వింటారు?” అని అడిగితే, “వానలు పడనీ” అనేవారు.

పడ్డాయి. జులైలో ఒక శుక్రవారం మొదలై, ఆకాశానికి చిల్లి పడిందా లేక ఆకాశమే జారి కిందపడిందా అన్నట్టు కురిసింది. గచ్చిబౌలి రోడ్లన్నీ ఏర్లు. లింగంపల్లి స్టేషను దగ్గర వంతెన కింద బస్సు ఒకటి నీటిగుర్రంలా ముక్కు మాత్రం పైకి పెట్టుకుని నిలబడిందని విన్నాం. ఆదివారం పొద్దున మా సెల్లార్‌లోకి నీళ్ళు వచ్చాయి. కరెంటు తీసేశారు, లిఫ్టులు ఆగిపోయాయి. టిఫిన్ వేళకు నా తలుపు చప్పుడైంది. తెరిస్తే నాలుగు అంతస్తులు ఎక్కి రొప్పుతూ సగం సంఘం. చేతుల్లో బకెట్లు. అధ్యక్షుల చేతిలో స్నానాల గది చెంబు. ఆయన కారులోకి మోకాలిలోతు నీళ్ళు వచ్చాయట, ఆ చెంబుతోనే తోడుతున్నారు.

“రచయిత గారూ, ఇక ఆపండీ” అన్నారు.

“ఏమిటి ఆపేది?”

“వానండీ.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “నేనెక్కడ కురిపించానండీ? మే నెల నుంచి ఆ తుపాను చదవనని మొత్తుకుంటున్నది నేను!”

“అదేనండీ చిక్కు. తుపాను దగ్గరే ఆపేశాం. పారాయణం సగంలో ఆపకూడదు. పట్టాభిషేకం చదివి పుస్తకం కట్టేస్తే వాన తెరిపిస్తుందని అందరం అనుకున్నామండీ. పట్టాభిషేకం ఏ అధ్యాయమండీ?”

“పట్టాభిషేకం లేదు.”

మెట్ల మీద బకెట్లన్నీ ఒక్కసారి కింద పెట్టిన చప్పుడు.

“లేకపోవడమేమిటండీ? చివర్లో ఏమవుతాడు మరి?”

“చనిపోతాడు.”

“సచ్చిపోతడా?” వెనకనుంచి అక్క జనాన్ని తోసుకుని వచ్చింది. ఆరో అంతస్తు నుంచి దిగింది గనక ఆమెకు రొప్పు లేదు, కోపం మాత్రమే ఉంది. “ఎండల్ల, వానల్ల, గిన్ని వారాలు గానితోటి మేం నీళ్ళు తోడినం. గిప్పుడు సంపుతవా? నీకు చేతులెట్ల వొచ్చినయ్ తమ్మీ?”

“అక్కా, అది విషాదాంత నవల...”

“ఏందైనా గానీ. కుర్సీ మీద కూసవెట్టు, నెత్తిన కిరీటం వెట్టు. నీ సొమ్మేం పోతది?”

“వైకింగుకు పట్టాభిషేకమా!” అని అరిచాను. ఆ అరుపు మెట్లదారిలో పది అంతస్తులు ఎక్కి దిగింది.

అక్కడికక్కడే, మెట్ల మీదే సంఘం సమావేశమైంది. రెండో లిఫ్టు బాగుచేయించడానికి ఏడాదిగా కుదరని ఏకగ్రీవం, నా కథానాయకుడికి కిరీటం పెట్టడానికి ఒక నిమిషంలో కుదిరింది. ఎవరో కొమ్ములున్న కిరీటమైతే చూడ్డానికి బాగుంటుందన్నారు. ఆ క్షణంలో నా దగ్గర గొడ్డలి లేకపోవడం తెల్లాపూర్ అదృష్టం.

చివరికి నేను ఒక్కటే అడిగాను. “ముందు నేను రాసింది వినండి. మొత్తం వినండి. తర్వాత కిరీటం పెట్టుకుంటారో, మీసం పెట్టుకుంటారో మీ ఇష్టం.”

కరెంటు లేదు, ఆఫీసుల ఫోన్లు లేవు, కార్లు కదలవు. ఎవరికీ వెళ్ళే చోటు లేదు. క్లబ్‌హౌస్‌లో అద్దాల గోడ మీద వాన జారుతుంటే ఆ బూడిదరంగు వెలుతురులో, బకెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దీపం లేదు, కొబ్బరికాయ లేదు, బజ్జీలు కూడా లేవు. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగు కొంచెమే ఉంది. మధ్యలో ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పి, చివరి అధ్యాయం మొదలుపెట్టాను.

సొంత ఒడ్డు కనబడింది. అమ్మ చెప్పినట్టే ఎర్రగడ్డపోడు డ్రాగన్ తల ఊడదీయించి ఓడ అడుగున పడుకోబెట్టాడు. అప్పుడే అడుగు చెక్క విడిపోయింది. నీళ్ళు తోడారు. తోడటం ఆగింది. చిన్న పడవలోకి మనుషులు దిగారు, కెరటాలు దాన్ని ఉత్తరానికి, ఇంకో రేవు వైపు నెట్టుకుపోయాయి. చుక్కాని అతని చేతిలో ఉంది. ఒడ్డు మీద వంటపొగ లేస్తోంది. అతను దాన్నే చూస్తున్నాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా, నడుము దాకా, భుజాల దాకా. తర్వాత చుక్కాని కనబడింది, చేయి కనబడలేదు.

చదవడం ఆపాను. ఎవరూ కదల్లేదు. అధ్యక్షులు చెంబులోకి చూస్తూ కూర్చున్నారు. ఎవరిదో బకెట్‌లో పైకప్పు నుంచి చుక్క పడిన చప్పుడు వినబడింది. నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసిన నిశ్శబ్దం అది. ఆహా, ఇదీ సాహిత్యమంటే, అనుకున్నాను. ఛాతీ కొద్దిగా పెరిగింది కూడా.

అప్పుడు అక్క అడిగింది. “మరి వాళ్ళమ్మకు ఎవరు చెప్పిన్రు?”

“ఏమిటక్కా?”

“ఆమె పొయ్యి కాడ ఉన్నది గదా. పొగ లేస్తుందన్నవ్. పిల్లగాని కోసమే అంబలి కాస్తుందేమో. పడవలున్నోళ్ళు ఇంకో దిక్కు కొట్టుకపోయిన్రు. మరి ఆమెకు ఎవరు చెప్పిన్రు?”

“అది... పాఠకుల ఊహకు వదిలేశానక్కా.”

“ఊహకు ఇడిచిపెట్టినవా,” అంది అక్క, మెల్లగా. “నీకు తెల్వక ఇడిచిపెట్టినవ్.”

చూశారా అన్యాయం! ఏళ్ళ తరబడి కొత్తగూడ జంక్షన్‌లో చెక్కిన అధ్యాయం. ఒక్క అక్షరం కదపడానికి లేదని నేను నమ్మిన అధ్యాయం. కొమ్ముల సంగతి, చుక్కాని ఏ పక్కన ఉంటుందన్న సంగతి, అంబలిలో ఏ గింజ వేస్తారన్న సంగతి అన్నీ వెతికి రాసిన నన్ను పట్టుకుని, తెలియక వదిలేశావట! మండిపోయి నోరు తెరిచాను.  

“వాన తగ్గిందండీ,” అన్నారు అధ్యక్షులు అద్దాల వైపు చూస్తూ. నిజంగానే సన్నబడింది. మహిమ ఎవరిదో తేల్చుకునే తీరిక లేక అందరూ బకెట్లు పట్టుకుని సెల్లార్ వైపు పరుగెత్తారు. అక్క మాత్రం తలుపు దగ్గర ఆగి, “కిరీటం వొద్దులే తమ్మీ, ఊకో,” అంది. “గామెకు జెప్పు. సాలు. చెప్పకుండ పుస్తకం ముయ్యకు.”

నేను ఇంటికి వెళ్ళి మా ఆవిడ ముందు అరగంట అరిచాను. విమర్శకు ఒక మర్యాద ఉండాలన్నాను. అంతం రచయిత హక్కన్నాను. ఆవిడ తడిబట్టలు ఆరేస్తూ అంతా విని, “ఆవిడ అడగకముందు నుంచే నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ” అంది.

రెండు రోజులకు రోడ్లు తేలాయి. క్యాబు వచ్చింది. కొత్తగూడ దగ్గర ఎప్పటిలాగే ఆగింది. కోపంగానే ల్యాప్‌టాప్ తెరిచాను. అంచుల్లో ఇంకా పసుపు ఉంది. ఒక్క వాక్యం కూడా కలపకూడదని నిర్ణయించుకుని, చివరి అధ్యాయం మరొక్కసారి చదివి మూసేద్దామనుకున్నాను. చదువుతుంటే ఓడ అడుగున పడుకోబెట్టిన డ్రాగన్ తల దగ్గర ఆగిపోయాను. ఓడ మునిగింది, సరే. అది కొయ్య తల కదా. కొయ్య మునగదు. రాయడం మొదలుపెట్టాను.

పొయ్యి ఆర్పి అతని తల్లి నీళ్ళకు బయల్దేరింది. ఒడ్డున ఏదో నల్లగా తేలుతోంది. దుంగ అనుకుంది. దించేయమని తాను చెప్పిన తల అది. దించేశాడు. మాట విన్నాడు.

“సార్,” అన్నాడు డ్రైవరు. “ఆఫీసొచ్చింది. గేటు కాడ ఆపిన. దిగుతలేరా?”

వెనక కార్లన్నీ హారన్లు కొడుతున్నాయి. హైటెక్ సిటీ మొత్తం నా ఒక్కడి కోసం ఆగినట్టుంది.

“జర ఆగవయ్యా,” అన్నాను, కళ్ళు ఎత్తకుండా. “ఆమె ఇంకా దాన్ని నీళ్ళలోంచి తియ్యలేదు.”